ఘర్రాఫాలో కట్టిన హాంబర్గ్

నేను హాంబర్గ్ చూడలేదు. కట్టాను. చూసినవాళ్ళు లక్షల్లో ఉంటారు కాబట్టి, ఆ ఊరి గురించి గొప్పలు చెప్పుకునే హక్కు వాళ్ళకంటే నాకే ఎక్కువుందని నా వాదన.

ఆర్కిటెక్చర్ పట్టా చేతికి రాగానే గల్ఫ్ కంపెనీలకు బయోడేటాలు పంపే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఉద్యోగంలో పైకి ఎలా రావాలో ఇందులో ఉండదు; నేను రాలేదు. ఏ కాగితం ఏ బల్ల మీదికి వెళ్ళాలో కూడా ఉండదు. అది మీకు మొదటి వారంలోనే ఎవరో ఒకరు విసుక్కుంటూ చెప్తారు. ఇందులో ఉన్నదల్లా ఒక కట్టడం, ఒక బాసు, ఒక కొక్కెం. నా సర్వీసు మొత్తంలో నేర్చుకున్నదాంట్లో సగం ఆ కొక్కెం దగ్గరే నేర్చుకున్నాను. మిగతా సగం మర్చిపోయాను కాబట్టి మీరేమీ నష్టపోవడం లేదు.

మాది బందరు. చదువు హైదరాబాదులో. తొంభైల మొదట్లో మా ఆయనకి దోహాలో అకౌంట్స్ ఉద్యోగం వస్తే వెనకాలే వెళ్ళాను. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌ అనే పేటలో ఒక విల్లాను ముక్కలు చేసి అద్దెకిచ్చిన ఇంట్లో పై ముక్క మాది. కింద ముక్కలోని కేరళ ఆవిడకి నేను పులిహోర పంపడం, ఆవిడ నాకు బియ్యప్పిండి పుట్టు పంపడం, ఖాళీ గిన్నె వెనక్కి పంపకూడదని మళ్ళీ ఏదో ఒకటి వండడం. కొంతకాలానికి ఇద్దరం గిన్నెలకు బానిసలమయ్యాం. అది భరించలేక ఒక కన్సల్టెన్సీలో చేరాను. పట్టా ఆర్కిటెక్టుది, కుర్చీ డ్రాఫ్ట్స్‌మన్‌ది. అడిగితే, ప్రస్తుతానికి అదే ఖాళీ ఉందన్నారు. ఆ ప్రస్తుతం ఎంత సాగిందో చెప్తే మీరు నవ్వుతారు.

మోకాలి నొప్పిలోంచి పుట్టిన ఊరు

మా క్లయింటును అందరూ హాజీ అనేవాళ్ళు. తాత సముద్రంలో మునిగి ముత్యాలు తీసినవాడు, తండ్రి పడవల మీద సరుకు తోలినవాడు, ఈయన ఏసీలు అమ్మి ఆ ఇద్దరూ కలలో కూడా చూడనంత సంపాదించినవాడు. మోకాలికి ఆపరేషన్ చేయించుకోవడానికి జర్మనీలోని హాంబర్గ్ వెళ్ళాడు. నడవలేని రోజుల్లో నర్సు ఆయన్ని చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, పాత ఓడరేవు గోదాముల పక్కన కాలవ ఒడ్డున తిప్పేదట. ఎర్ర ఇటుక గోడలు, పచ్చబడ్డ రాగి కప్పులు, నీళ్ళలో వాటి నీడలు. మోకాలు బాగుపడింది, మనసు చెడింది. తిరిగొచ్చి మా ఆఫీసులో కూర్చుని ఒకటే మాట: "నాకు అది కావాలి."

ఎక్కడ? అల్ ఘర్రాఫాలో. దోహా తెలియనివాళ్ళకి చెప్తున్నాను, ఘర్రాఫా నించి సముద్రం కనబడదు. విల్లాలు, దుకాణాలు, మధ్యలో ఇసుక. హాజీకి మేం కట్టాల్సింది కింద షాపులు, పైన ఆఫీసులు, గోడౌన్లు పెట్టే వ్యాపార సముదాయం. అంటే ఓడలూ లేవు, రేవూ లేదు, ఓడరేవు గోదాములు మాత్రం కావాలి.

మా దురదృష్టం ఏమిటంటే, మా డిజైన్ విభాగం అధిపతి హాంబర్గ్‌లోనే పుట్టినవాడు. పేరు ఓటో. పొడుగ్గా ఉండేవాడు, ముదురు నీలం రంగు నావికుల టోపీ ఒకటి పెట్టుకునేవాడు. ఆగస్టు నెలలో, కారు హ్యాండిలు ముట్టుకుంటే చెయ్యి కాలే మధ్యాహ్నం కూడా ఆ టోపీ ఆయన తలమీద ఉండాల్సిందే. లోపలికి రాగానే తీసి ఎక్కడ తగిలించాలో వెతుక్కునేవాడు. ఆఫీసులో ఒక్క మేకు లేదు. కంప్యూటర్ మీద పెట్టేవాడు, అది వేడెక్కి ఆగిపోయేది. ఈ టోపీ సంగతి గుర్తుపెట్టుకోండి.

"ఓడరేవు కట్టడానికి సముద్రం ఉండాలిగా?" అన్నాను మొదటి మీటింగులోనే.

"మిసెస్, హాంబర్గ్ కూడా సముద్రానికి చాలా దూరం" అన్నాడు ఓటో, చిన్నపిల్లకి చెప్పినట్టు.

"దానికి ఎల్బే నది ఉంది. ఘర్రాఫాకి ఏముంది?"

హాజీ నావైపు ఆసక్తిగా చూశాడు. ఓటో నావైపు చూడలేదు. "నీలం పలకలు పరిచి కాలవలా చేద్దాం" అన్నాడు. అలా మా హాంబర్గ్‌కి నీళ్ళు లేని కాలవ ఖాయమైంది.

ఓటో చెప్పిన చరిత్ర, చెప్పని చరిత్ర

ఆయన్ని ఒక్క విషయంలో మెచ్చుకోవాలి. ఆ ఊరంటే ప్రాణం. నేను ట్రేసింగ్ పేపర్ మీద ఇంకుతో గీస్తుంటే వెనకాల నిలబడి చెప్తుండేవాడు. ఆ నేల రాయి లేని బురద నేల, అందుకే అన్నీ ఇటుకతో కట్టారు. గట్టిగా కాల్చిన ఇటుక చలికీ, చెమ్మకీ, ఓడల పొగకీ చెక్కుచెదరదు. బురదలో ఓక్ దుంగలు దిగ్గొట్టి, వాటి మీద గోదాములు నిలబెట్టారు. ప్రతి గోదాముకీ రెండు ముఖాలు, ఒకటి కాలవ వైపు, ఒకటి వీధి వైపు. పడవలో వచ్చిన సరుకు ఒక ముఖంలోంచి లోపలికి, బండి మీద పోయే సరుకు రెండో ముఖంలోంచి బయటికి. నెత్తిమీద, కప్పు కింద, గోడలోంచి ముందుకు పొడుచుకొచ్చిన దూలం. దానికి కొక్కెం, తాడు. కాఫీ, మిరియాలు, పొగాకు, ఇరాన్ తివాచీలు, అన్నీ దాని మీదుగానే పై అంతస్తులకు వెళ్ళేవి. ఆ మందపాటి గోడల మధ్య ఎండాకాలం వేడీ చలికాలం చలీ సరుకును అంటవు.

విన్నకొద్దీ నాకూ ఆ గోదాముల మీద గౌరవం పెరిగింది. ఒక్క దూలం కూడా ఊరికే లేదు. అందంగా ఉండాలని ఎవరూ కట్టలేదు. పని సవ్యంగా జరగాలని కట్టారు, అందం దానంతటది వచ్చింది.

కానీ బందరులో పుట్టినదాన్ని. చచ్చిపోయిన ఓడరేవు పక్కన పెరిగినదాన్ని. మా ఊరి అద్దకం గుడ్డల కోసం డచ్చివాళ్ళు, ఇంగ్లీషువాళ్ళు, పర్షియా వర్తకులు ఎగబడ్డ రోజులుండేవి. తర్వాత రేవు పూడింది, ఉప్పెన వచ్చింది, కోటలో పిచ్చిచెట్లు మొలిచాయి. ఓడరేవు చరిత్ర చెప్పేవాడెవడైనా గోదాముల గురించి చెప్తాడు, వాటి కింద ఎవరి ఇళ్ళుండేవో చెప్పడు. దోహాలో బ్రిటిష్ కౌన్సిల్ లైబ్రరీ ఒకటి ఉంటే వెళ్ళి చదివాను.

మర్నాడు అడిగాను. "ఈ గోదాముల స్థలంలో ముందు ఏముండేదండీ?"

"పాత ఇళ్ళు."

"మనుషులతో సహానా?"

ఓటో టోపీ సర్దుకున్నాడు. "వేలమందిని ఖాళీ చేయించారు. అది అవసరం."

"ఎవరికి?"

"మిసెస్, మీరు గీత గీయండి."

కలరా సంగతి ఇంకో రోజు అడిగాను. గోదాములు లేచిన కొన్నేళ్ళకే ఆ ఊళ్ళో వేలమంది వడకట్టని నదినీళ్ళు తాగి పిట్టల్లా రాలిపోయారు. జబ్బు వచ్చిందని చెప్తే ఓడలు ఆగిపోతాయని పెద్దలు కొంతకాలం నోరు మెదపలేదట. ఓటోకి అది తెలుసు. తెలిసే, మా ప్రదర్శన బోర్డు మీద "నిజాయితీగల వర్తకుల నగరం" అని రాయించాడు. పిల్లలూ, మీ బాసు తన ఊరి గురించి చెప్పేటప్పుడు కళ్ళు తడిస్తే వినండి. కానీ వెళ్ళి మిగతాది కూడా చదవండి.

మంచు జారకుండా కమ్మీలు

ఇక మా హాంబర్గ్ సంగతి. ఇటుక అన్నది ఇటుక కాదు; సిమెంటు బ్లాకుల గోడ మీద ఎర్ర పలకలు అతికించాం. రాగి కప్పు అన్నది రాగి కాదు. రేకు మీద పచ్చ రంగు. అక్కడ రాగి పచ్చబడటానికి ఒక తరం పట్టింది, మా రంగు ఎండకి తెల్లబడటానికి ఒక వేసవి చాలింది. కప్పు వాలు మాత్రం అచ్చం అక్కడిదే. ఎందుకంత నిటారు వాలు? మంచు నిలవకుండా. ఆ వాలు మీద అడ్డంగా ఇనుప కమ్మీలు. అవెందుకు? మంచు ఒక్కసారిగా జారి కింద నడిచేవాళ్ళ నెత్తిన పడకుండా.

ఆ కమ్మీలు డ్రాయింగులోంచి తీసేద్దామన్నాను. ఓటో ఒప్పుకోలేదు. "అవి లేకపోతే కప్పు రూపం దెబ్బతింటుంది."

కమ్మీలు బిగించింది గంగారాం మనుషులు. గంగారాం కాంట్రాక్టరు కింద ఫోర్‌మన్. జగిత్యాల పక్క ఊరు. తనతోపాటు తన ఊరివాళ్ళను కొందరిని మాట మీద తెచ్చి పనిలో పెట్టించుకున్నాడు. క్యాంపులో వాళ్ళ అన్నం, వాళ్ళ జ్వరాలు, వాళ్ళ పెళ్ళాలకు ఫోన్లు, అన్నీ ఆయన పూచీ. నేను సైటుకి వెళ్తే తెలుగులో తిట్టేది నేనొక్కదాన్నే కాబట్టి, నా తిట్లు వాళ్ళకి ఇంటి భోజనంలా ఉండేవి.

"మేడం, గీ రేకుల మీద గీ కమ్మీలెందుకు?" అన్నాడు ఒకరోజు, పైనుంచి దిగి మొహం తుడుచుకుంటూ.

"మంచు జారకుండా."

"మంచా? ఈడనా?"

"డ్రాయింగులో ఉంది గంగారాం. పెట్టు."

"పెడత తియ్యి. నాకేంది? మంచు పడ్డా పెడత, పడకున్నా పెడత." తన మనుషుల్లో చిన్నవాడు పోశన్న వైపు తిరిగాడు. "అరే పోశన్నా, రేపట్నించి దుప్పటి తెచ్చుకోరా, మేడం మంచు కురిపిస్తదంట!"

పనివాళ్ళందరూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. కమ్మీల మీద పావురాలు కాపురం పెట్టాయి.

కొక్కెం

ఇప్పుడు అసలు గొడవ. పై అంతస్తు నెత్తిన, గోడలోంచి పొడుచుకొచ్చే దూలం. ఓటోకి అది ప్రాణాల్లో ప్రాణం. నల్లగా, బరువుగా, తుప్పు వాసన కూడా వచ్చేటట్టుండాలి. చివర పెద్ద కొక్కెం. కానీ ఉక్కు దూలం పెడితే వెనక దానికి తగ్గ స్తంభం కావాలి, గోడ మందం పెరగాలి. కాంట్రాక్టరు మేనేజరు సులువు చెప్పాడు: లోపల థర్మోకోల్, పైన సిమెంటు పూత, నల్ల రంగు. చూడ్డానికి ఉక్కే.

నేను ఒప్పుకోలేదు. ఆఫీసులో అందరి ముందూ పోట్లాడాను.

"దూలం ఉత్తుత్తిదైతే కొక్కెం తీసేయండి. కొక్కెం ఉండాలంటే దూలం నిజమైనది పెట్టండి. రెండూ కలిపి మోసం చెయ్యొద్దు."

"ఇది మోసం కాదు, అలంకారం" అన్నాడు ఓటో. "హాంబర్గ్‌లో ఇప్పుడు ఆ కొక్కేలను ఎవరు వాడుతున్నారు? చాలాచోట్ల లిఫ్టులున్నాయి."

"ఇక్కడ లిఫ్టుకంటే మనుషులు ముందొస్తారు."

"మేడం ఆర్కిటెక్ట్!" అన్నాడు. కోపం వచ్చినప్పుడు మాత్రమే నాకు నా పట్టా దక్కేది. "డ్రాయింగులో ఒక నోట్ రాయండి. అలంకారం కోసం మాత్రమే అని. అంతే."

రాశాను. ఇంగ్లీషులో, చక్కటి అచ్చు అక్షరాలతో. ఆఫీసులో ఓడిపోయిన ప్రతి వాదనా చివరికి డ్రాయింగు అంచున ఒక నోట్ అయి కూర్చుంటుంది. మీకూ అనుభవంలోకి వస్తుంది.

హాజీ ఆమోదం కోసం కాంట్రాక్టరు ఆ దూలం ముక్క ఒకటి కొక్కెంతో సహా నమూనాగా తయారుచేసి, మా మీటింగు గదిలో గోడకి బిగించాడు. ఓటో దాని ముందు నిలబడి, తల పక్కకి వాల్చి చూశాడు. కళ్ళు మెరిశాయి. "అచ్చం!" అన్నాడు. ఆ తర్వాత చెయ్యి దానంతటది లేచి, టోపీ తీసి కొక్కేనికి తగిలించింది.

ఆ రోజునుంచి కంప్యూటర్ ఆగిపోవడం మానేసింది.

పర్షియా వర్తకుడు

కట్టడం ఇంకా పూర్తి కాకముందే హాజీ పై అంతస్తును తివాచీల గోడౌన్‌గా ఒక ఇరాన్ వర్తకుడికి అద్దెకిచ్చేశాడు. పేరు రెజా. తెల్లగడ్డం, తియ్యటి మాట, అరబ్బీ, హిందీ, పార్శీ కలిపి కొట్టేవాడు. సైటులో పరిచయమయ్యాడు.

"మీదే ఊరు ఖానుమ్?"

"బందరు."

"ఏ బందర్?" అన్నాడు ఆశ్చర్యంగా. వాళ్ళ తీరంలో ప్రతి రేవూ ఏదో ఒక బందరేనట. మా బందరు గురించి చెప్తే, తమవాళ్ళు ఒకప్పుడు అక్కడికి గుర్రాలు తెచ్చి గుడ్డలు పట్టుకెళ్ళేవాళ్ళని తాత చెప్పేవాడన్నాడు. నిజమో, అమ్మకం మాటో తెలియదు. తివాచీలవాడు.

తర్వాత తలెత్తి మా గోదాము ముఖం చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్ళు ఓటో కళ్ళలాగే మెరిశాయి. "మా మేనమామ గోడౌన్ ఇలాంటిదే. హాంబర్గ్‌లో. చిన్నప్పుడు రెండు వేసవులు అక్కడ పనిచేశాను. అదే ఇటుక, అదే కప్పు, అదే కొక్కెం! మాషా అల్లా, ఎంత బాగా కట్టారు!"

ఘర్రాఫా మొత్తంలో అసలు హాంబర్గ్‌లో పనిచేసిన వర్తకుడు ఆయనొక్కడే. మా నకలు చూసి మోసపోయిందీ ఆయనొక్కడే. ఊరు తెలియనివాడైతే దాన్ని బొమ్మ అనుకుని వదిలేసేవాడు.

ఆ వారం నేను కాలవ పలకల కొలతలు చూడటానికి పొద్దున్నే వెళ్ళాను. కారు దిగకముందే కనబడింది. కాలవ పక్కన పికప్ నిండా తివాచీ చుట్టలు. లిఫ్టు ఇంకా ఓడలో ఉంది. మెట్ల దారి ఓటోకి ఇష్టమైన ఇరుకు మెలికల దారి, పెద్ద చుట్ట అందులో తిరగదు. అయినా రెజా కంగారు పడలేదు, వాళ్ళ మేనమామ దగ్గర ఎలా చేసేవాళ్ళో ఆయనకి తెలుసు. పైన కొక్కేనికి కప్పీ, కప్పీలో తాడు. కింద గంగారాం మనుషులు వరసగా నిలబడి లాగుతున్నారు. చిన్న చుట్టలు రెండు అప్పటికే పైకి చేరాయి. ఇప్పుడు లేస్తున్నది దున్నపోతంత చుట్ట. దాని సరిగ్గా కింద పోశన్న నిలబడి, అది గోడకి కొట్టుకోకుండా కిందినుంచి తాడుతో పట్టుకుంటున్నాడు.

"యల్లా, యల్లా! షాబాష్!" అంటున్నాడు రెజా.

"పోశన్నా! పక్కకి రా!" అని అరిచాను.

ఎవడూ కదల్లేదు. నేను సైటుకొస్తే అరుస్తానని అందరికీ తెలుసు. తాడు లాగుతూనే ఒకడు, "మేడం అచ్చింది, ఇగ సురువు" అనడం వినబడింది.

పరిగెత్తాను. "గంగారాం! అది ఉక్కు కాదు! లోపల ఏమీ లేదు! అటు చూడు, దూలం చూడు!"

గంగారాం తాడు పట్టుకునే తల పైకెత్తాడు. పోశన్నకి మాత్రం తల ఎత్తినా చుట్ట అడుగు తప్ప ఏమీ కనబడలేదు. మేడం ఏం చూపిస్తోందో చూద్దామని వెనక్కి నడిచాడు. గోదాము ముఖం చూడాలంటే ఎవరైనా వెనక్కి నడవాల్సిందే. ఆ కట్టడం చేసిన మంచిపని ఏదైనా ఉంటే అదొక్కటే. కాలవ నీలం పలకల మీదికి వచ్చి, నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూశాడు.

అప్పడం విరిగినట్టు చప్పుడైంది. అంత పెద్ద దూలం, అంత చిన్న చప్పుడు. తివాచీ చుట్ట వచ్చి పోశన్న నిలబడ్డ చోట పడింది. నేల అదిరింది. తాడు పట్టుకున్నవాళ్ళంతా ఒకరి మీద ఒకరు వెనక్కి పడ్డారు.

ఆ తర్వాత, మెల్లగా, పైనించి తెల్లగా రాలడం మొదలైంది. దూలం లోపలి థర్మోకోల్ పూసలు. గాలికి తేలుతూ ఎర్ర గోడ మీద, పచ్చ కప్పు మీద, నీలం కాలవ మీద, రెజా గడ్డం మీద. ఓటో కమ్మీల మీద కూడా కొంచెం నిలిచింది.

పోశన్న జుట్టు నిండా తెల్లపూసలతో, తను ఇందాక నిలబడ్డ చోటువైపే చూస్తున్నాడు. గంగారాం లేచి వెళ్ళి వాడి తలమీద చెయ్యి వేసి, పూసలు దులుపుతూ, దులుపుతూ ఆగిపోయాడు.

"మంచు పడ్డది మేడం" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

విచారణ

ఎవరికీ దెబ్బ తగల్లేదు కాబట్టి ఎవరినో ఒకరిని దెబ్బకొట్టాలి. ఆఫీసుల ధర్మం అది. సాయంత్రానికల్లా కాంట్రాక్టరు మేనేజరు తేల్చేశాడు: అలంకారానికి పెట్టినదాన్ని అనుమతి లేకుండా వాడిన ఫోర్‌మన్‌ది తప్పు. గంగారాం వీసా క్యాన్సిల్, ఈ వారమే ఇంటికి.

గంగారాం మా ఆఫీసు మెట్ల దగ్గర నాకోసం నిలబడ్డాడు. ఏడవలేదు, బతిమాలలేదు.

"పోవుడు గురించి గాదు మేడం. ఎప్పటికైనా పోయేదే. గని మా ఊళ్ళె ఏమంటరు? దుబాయ్‌ల ఏందో జేసిండు, తోలేసిండ్రు అంటరు. నేను తెచ్చిన పోరగాండ్ల మొకం ఎట్ల జూడాలె? నా మాట మీద అచ్చిండ్రు ఆళ్ళు."

"రేపు మీటింగులో నేనుంటాను" అన్నాను.

"మీరు ఎక్కువ మాట్లాడకుండ్రి. మీ నౌకరీ గూడ పోతది."

ఇంట్లో మా ఆయన కూడా అదే మాట అంటాడనుకున్నాను. అన్నం కలుపుకుంటూ అంతా విని, "నీ ఉద్యోగం నీ ఇష్టం. మాట్లాడితే మాత్రం పూర్తిగా మాట్లాడేసి రా. సగం మిగుల్చుకొస్తే ఆ సగం నేను వినాలి" అన్నాడు. మా కాపురంలో నాకు దక్కిన అతి పెద్ద ప్రోత్సాహం అదే.

మర్నాడు మీటింగు గదిలో హాజీ, ఓటో, మేనేజరు, నేను. గంగారాం గుమ్మం దగ్గర నిలబడే ఉన్నాడు; కూర్చోమని నేను తప్ప ఎవరూ అనలేదు. నేను అంటే కూర్చోలేదు.

మేనేజరు డ్రాయింగు పరిచాడు. "ఇక్కడ స్పష్టంగా రాసుంది, సర్. అలంకారం కోసం మాత్రమే. లేబర్ నిర్లక్ష్యం. ఇతన్ని పంపించేస్తే విషయం ముగుస్తుంది."

"ఆ నోట్ రాసింది మీరే కదా మిసెస్?" అన్నాడు ఓటో.

"నేనే. డ్రాయింగు ఎక్కడుంటుంది?"

"ఆఫీసులో."

"కొక్కెం ఎక్కడుంటుంది?"

ఓటో డ్రాయింగు అంచు సరిచేశాడు. నేనే చెప్పాను.

"కొక్కెం గోడమీద, అందరి కళ్ళముందూ ఉంటుంది. మీరు నా నోట్ ఆఫీసు అలమరాలో పెట్టి, కొక్కేన్ని వీధిలో పెట్టారు. వాళ్ళు వీధిలో ఉన్నది చూసుకున్నారు. రెజా గారైతే హాంబర్గ్‌లో పనిచేసినాయన. ఆయనే నమ్మాడు. మీరు అంత బాగా చేయించారు."

"మేడం ఆర్కిటెక్ట్!" ఓటో మొహం ఎర్రబడింది. "మాటలు వద్దు. అది అలంకారపు కొక్కెం. బుద్ధి ఉన్న మనిషి ఎవడూ దానికి ఏదీ తగిలించడు!"

నేను జవాబు ఆలోచించుకుంటూ గోడవైపు చూశాను. నిజం చెప్పాలంటే ఊరికే చూశాను. చూసి, ఆలోచించడం మానేశాను. నా చూపు వెంట హాజీ చూశాడు. తర్వాత మేనేజరు. అందరికంటే ఆఖర్న ఓటో.

నమూనా కొక్కేనికి ఓటో నీలం టోపీ ఉంది. దాని మీద, లోపలికి వస్తూ మేనేజరు తగిలించిన ప్లాస్టిక్ హెల్మెట్ ఉంది.

ముందు హాజీ భుజాలు కదిలాయి. తర్వాత పొట్ట. తర్వాత నవ్వు బయటికొచ్చింది. మోకాలు పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"మా నాన్న పడవలో ఖాళీ కొక్కెం ఒక్కటి కూడా ఎప్పుడూ చూడలేదు నేను" అన్నాడు. తర్వాత గంగారాం వైపు తిరిగి హిందీలో అడిగాడు. "నువ్వు చెప్పు. నీకేం కనబడింది?"

"కొక్కెం కనబడ్డది సాబ్" అన్నాడు గంగారాం.

"ఖలాస్" అన్నాడు హాజీ. "ఇతను ఎక్కడికీ వెళ్ళడు. దూలాలన్నీ విప్పించండి. ఉక్కువి పెట్టించండి. పెట్టేది ఇతనే."

మేనేజరు స్తంభాల గురించి, గోడ మందం గురించి ఏదో అనబోయాడు. హాజీ చెయ్యి ఎత్తేసరికి ఆగిపోయాడు. ఓటో లేచి వెళ్ళి హెల్మెట్ తీసి మేనేజరుకి ఇచ్చాడు, తన టోపీ తీసుకున్నాడు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక మీటింగు అయ్యేదాకా ఒళ్ళో పెట్టుకు కూర్చున్నాడు.

ఆయన నాకు ఎప్పుడూ క్షమాపణ చెప్పలేదు. కానీ తర్వాతి వారం డ్రాయింగు ముందు నిలబడి, కొంచెం మెత్తగా అడిగాడు. "మిసెస్, ఆ మంచు కమ్మీలు కూడా తీసేయమంటారా?"

"ఉంచండి. వాటి పని అవి చేశాయిగా" అన్నాను.

చివరిగా, పిల్లలకి

అబద్ధపు దూలం గీయడానికి నాకు నెలలు పట్టాయి: తుప్పు మరకలు, రివెట్లు, నీడలు, ఓటో మెప్పు. నిజమైన దూలం ఒక్క పూటలో గీశాను. ఎంత బరువు మోయాలి, వెనక దేనికి బిగించాలి, అంతే. నోట్ కూడా రాయలేదు. రాయాల్సిన అవసరం రాలేదు.

దోహా వదిలేముందు ఒక శుక్రవారం మా ఆయన్ని తీసుకుని ఘర్రాఫా వెళ్ళాను. పచ్చ కప్పు తెల్లగా అయిపోయింది. ఇటుక పలకలు అక్కడక్కడా ఊడి, వెనక బ్లాకులు పళ్ళు బయటపెట్టాయి. కాలవ ఇసుకతో నిండి, కార్లు పెట్టుకునే చోటయింది. పావురాలు మాత్రం చాలా సుఖంగా ఉన్నాయి. పైన కొక్కేనికి తాడు వేలాడుతోంది, రెజా తివాచీ ఒకటి సగం గోడ ఎక్కింది. కింద పోశన్న, గోడకి బాగా దూరంగా నిలబడి, తాడు పట్టుకుని ఉన్నాడు.

గంగారాం అప్పటికి అక్కడే మరమ్మతులు చూసుకుంటున్నాడు. పైకి తీసుకెళ్ళాడు. కిటికీలోంచి ఒంగి, చేతిలోని పానాతో దూలాన్ని కొట్టాడు. ఖంగుమంది. మా ఆయన ఉలిక్కిపడ్డాడు.

"ఎక్కడికి పోయినా గిట్ల కొట్టి చూస్తున్న మేడం ఇప్పుడు" అన్నాడు గంగారాం. "గుడి స్తంభం గూడ ఇడుస్తలేను."

పైనించి కిందిదాకా ఆ కట్టడం చుట్టూ తిరుగుతూ, నేను గీసినవన్నీ ఒక్కొక్కటే వేలితో కొట్టి చూశాను. ఇటుక బోలుగా పలికింది. కప్పు రేకులా పలికింది. స్తంభం జిప్సం బోర్డులా పలికింది. గంగారాం నా వెనకాలే వచ్చి, పానా నా చేతికిచ్చి, కొక్కెం దూలం వైపు చూపించాడు.